టింబర్ క్రీక్ కేసు: 314 ఎకరాలకు, తెగిన బంధానికి లెక్క ఎలా కట్టారు

ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలో కేథరిన్ నుంచి విక్టోరియా హైవే మీద పడమరకు పోతే విక్టోరియా నది ఒడ్డున టింబర్ క్రీక్ అనే చిన్న ఊరు వస్తుంది. జనం కొన్ని వందల మంది. ఆ నేల ఙలివురు, నుంగాలి అనే రెండు అబోరిజినల్ సమూహాలది. 1980 నుంచి 1996 మధ్య టెరిటరీ ప్రభుత్వం అక్కడ 127 హెక్టార్లను, అంటే సుమారు 314 ఎకరాలను, రోడ్లకూ నీళ్ల ట్యాంకులకూ వాడుకుంది, ప్లాట్లుగా కోసి పట్టాలూ లీజులూ ఇచ్చింది. వాళ్లను అడగలేదు, పైసా ఇవ్వలేదు. 2019 మార్చి 13న ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే చివరి మెట్టు, మన సుప్రీంకోర్టులాంటిది) ఆ నష్టానికి 25,30,350 డాలర్లు చెల్లించమని తేల్చింది. నేటివ్ టైటిల్ (ఆదివాసులకు తమ నేల మీద తరతరాలుగా ఉన్న హక్కు) పోయినందుకు పరిహారం ఎలా కట్టాలో ఆ కోర్టు చెప్పడం అదే మొదటిసారి.

ఆ మొత్తంలో నేల విలువ కింద వచ్చింది 3,20,250 డాలర్లు మాత్రమే. సాంస్కృతిక నష్టం కింద వచ్చింది 13,00,000. మిగిలింది వడ్డీ. నేల విలువ ప్రతి మెట్టు దగ్గరా కోతపడింది, సాంస్కృతిక నష్టం ఒక్క డాలరు కూడా తగ్గలేదు. భూమి హక్కుల మీద పనిచేసేవాళ్లు ఈ కేసును ఆ కోణంలోనే చదవాలి.

ఊరి హద్దు పడగానే ఒక దారి మూసుకుపోయింది

నార్తర్న్ టెరిటరీ ఆదివాసులకు రెండు చట్టాలున్నాయి. మొదటిది 1976 నాటి భూమి హక్కుల చట్టం. వేవ్ హిల్ పశువుల క్షేత్రం నుంచి 1966లో విన్సెంట్ లింగియారి నాయకత్వంలో గురింజి జనం పని మానేసి నడిచి వెళ్లిన పోరాటం దానికి వెనకున్న బలం. ఆ చట్టం కింద గెలిస్తే అమ్మడానికి వీల్లేని పూర్తి యాజమాన్యం చేతికొస్తుంది, ఖనిజాల అన్వేషణ వద్దు అని చెప్పే అధికారమూ వస్తుంది. కానీ పట్టణ హద్దుల్లోని నేలకు అది వర్తించదు. టింబర్ క్రీక్‌ను 1975లో పట్టణంగా ప్రకటించారు. కాగితం మీద గీసిన ఒక గీతతో బలమైన చట్టం పక్కకు పోయింది.

మిగిలింది 1993 నాటి నేటివ్ టైటిల్ చట్టం. 1992 జూన్ 3న మాబో తీర్పు తెల్లవాళ్లు వచ్చేనాటికి ఈ నేల ఎవరిదీ కాదన్న వాదాన్ని కొట్టేశాక వచ్చిన చట్టమిది. నేటివ్ టైటిల్ ప్రభుత్వం రాసిచ్చే పట్టా కాదు. ఆ జనం సొంత కట్టుబాట్ల ప్రకారం ముందునుంచీ ఉన్న హక్కును కోర్టు గుర్తిస్తుంది, అంతే. అందుకే ప్రభుత్వం అదే నేలను మరొకరికి రాసిస్తే ఆ హక్కు చెదిరిపోతుంది కూడా.

ఇక్కడ కేసు మొదలైంది పరిహారం కోసం కాదు. ఊళ్లో ఖాళీ ప్రభుత్వ భూమి కొంత తమకు కావాలని ప్రైవేటు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి మేకల పెంపకానికి, గడ్డి పండించడానికి. దానికోసం నేటివ్ టైటిల్‌ను సేకరిస్తామని ప్రభుత్వం నోటీసులిచ్చింది. దాన్ని అడ్డుకోవడానికే 1999, 2000లలో హక్కు దరఖాస్తులు పడ్డాయి. 2006లో ఫెడరల్ కోర్టు హక్కును గుర్తించింది. 2007లో ఫుల్ కోర్టు (అదే కోర్టు అప్పీలు బెంచి) దాన్ని ఇంకా బలపరిచింది. కానీ 2008లో హైకోర్టు, ప్రైవేటు వ్యక్తికి ఇవ్వడానికైనా సరే మంత్రి నేటివ్ టైటిల్‌ను సేకరించవచ్చని మెజారిటీతో చెప్పింది. హక్కు ఉందని తేల్చిన చట్టమే దాన్ని తీసుకోనిచ్చింది. వద్దు అనే అధికారం ఇందులో లేదని ఆ తీర్పుతో తేటతెల్లమైంది. పరిహారం దావా 2011లో వేశారు.

తేదీలు ముందు, కథ తరువాత

పరిహారం కేసు తీసుకున్న లాయరు మొదట గోడకు అతికించుకోవలసినవి మూడు తేదీలు.

1975 అక్టోబర్ 31: జాతి వివక్ష నిషేధ చట్టం అమల్లోకి వచ్చిన రోజు. మిగతావాళ్ల భూమి తీసుకుంటే డబ్బిచ్చి, ఆదివాసుల భూమిని ఊరికే తీసుకుంటే అది వివక్ష. కాబట్టి ఆ తేదీ తరువాత జరిగిన ఇలాంటి చర్యలు చెల్లకుండా పోయే ప్రమాదం వచ్చింది. 1994 జనవరి 1: నేటివ్ టైటిల్ చట్టం అమలు తేదీ. అంతకుముందు జరిగినవాటిని ఈ చట్టం చెల్లేలా చేసి, బదులుగా పరిహారం హక్కు ఇచ్చింది. 1996 డిసెంబర్ 23: పశువుల మేత లీజు ఇచ్చిన నేల మీద కూడా నేటివ్ టైటిల్ మిగలవచ్చని చెప్పిన విక్ తీర్పు వచ్చిన రోజు. 1994 నుంచి ఆ రోజు దాకా ప్రభుత్వాలు పొరపాటు అవగాహనతో ఇచ్చిన కొన్ని పట్టాలనూ లీజులనూ తరువాత సవరణతో చెల్లేలా చేశారు, వాటికీ పరిహారం ఉంది.

టింబర్ క్రీక్ చర్యలన్నీ 1980 తరువాతివి గనక ఈ చట్రంలో సరిగ్గా పడ్డాయి. పైగా టెరిటరీకి స్వపరిపాలన 1978 జూలై 1న వచ్చింది, కాబట్టి చెల్లించవలసింది కేంద్రమా టెరిటరీయా అన్న తగవూ రాలేదు. కేసును ఎంచుకోవడంలో సగం నేర్పు ఇదే: తేదీలు కలిసొచ్చే నేలతో మొదలుపెట్టడం.

తరువాతి పని ప్లాటు ప్లాటుకూ చరిత్ర తీయడం. మన దగ్గర ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూసి, పాత పహాణీలు తిరగేసినట్టే, కాకపోతే ఇక్కడ నూరేళ్లకు పైగా వెనక్కి పోవాలి. ఒక్కో వరుసలో ప్లాటు నంబరు, ఏ చర్య, ఏ తేదీ, ఎంత విస్తీర్ణం, దానివల్ల హక్కు పూర్తిగా పోయిందా కొంత చెడిందా, బాధ్యత ఎవరిది అన్నవి ఉండాలి. ఈ కేసులో అలా తేలినవి 53 చర్యలు. 39 ప్లాట్లు, కొన్ని రోడ్లు.

ఆ తవ్వకంలోనే దెబ్బ కూడా తగిలింది. 1882లో ఇచ్చిన పశువుల మేత లీజు బయటపడింది. అలాంటి లీజు ఇచ్చిన నేల మీద ఆదివాసులకు వేటాడే, తిరిగే, తంతులు చేసుకునే హక్కు మిగులుతుంది గానీ ఇతరులను రానివ్వకుండా ఆపే హక్కు అప్పుడే పోయినట్టు లెక్క. చట్టంలోని సెక్షన్ 47బి ప్రకారం, దావా వేసేనాటికి వాళ్లు ఉంటున్న ఖాళీ ప్రభుత్వ భూమి అయితే ఈ పాత గాయాన్ని పక్కన పెట్టవచ్చు. 2007లో ఫుల్ కోర్టు ఇచ్చిన బలం అదే. కానీ పరిహారం అడుగుతున్న 127 హెక్టార్లకు ఆ వెసులుబాటు లేదు. ఒకే ఊరు, ఒకే జనం. ఒక ప్లాటులో హక్కు సంపూర్ణం, పక్క ప్లాటులో సగం. 1882 నాటి ఒక కాగితం 2019లో డబ్బును సగానికి కోసింది.

80, 65, 50

నేల విలువ కట్టడానికి కోర్టులు తీసుకున్న కొలబద్ద ఫ్రీహోల్డ్ ధర, అంటే మన పట్టా భూమిలాంటి పూర్తి యాజమాన్యానికి చర్య జరిగిన నాడు ఉన్న ధర. మొత్తం 6,40,500 డాలర్లు. ఇతరులను ఆపే హక్కుతో సహా ఉన్న నేటివ్ టైటిల్ అయితే దాని విలువ ఫ్రీహోల్డ్‌తో సమానమని లెక్క. అమ్ముకోవడానికి వీల్లేని హక్కు గనక ధర తగ్గించాలన్న వాదనను హైకోర్టు ఒప్పుకోలేదు. అది మేలే. ఇక్కడ ఉన్నది సంపూర్ణ హక్కు కాదు కాబట్టి ఎంత శాతం అన్నదే తగవు.

2016 ఆగస్టులో జస్టిస్ మాన్స్‌ఫీల్డ్ 80 శాతం అన్నారు: 5,12,400. వడ్డీ 14,88,261, సాంస్కృతిక నష్టం 13,00,000, కలిపి 33,00,661. 2017 జూలైలో ఫుల్ కోర్టు 65 శాతానికి దించింది: 4,16,325, వడ్డీ 11,83,121, మొత్తం 28,99,446. హైకోర్టు 50 శాతం దగ్గర నిలిపింది: 3,20,250, వడ్డీ 9,10,100. సాంస్కృతిక నష్టం మూడుచోట్లా అవే 13 లక్షలు.

వడ్డీ అసలుకు మూడింతలకు దగ్గరగా ఉంది చూడండి. నష్టం 1980లలో జరిగి, తీర్పు 2019లో వస్తే ఇలాగే ఉంటుంది. అయినా అది బారువడ్డీయే. చక్రవడ్డీ ఇవ్వాలని హక్కుదారులు గట్టిగానే వాదించారు. ఆనాడే డబ్బు చేతికొచ్చి ఉంటే దాన్ని లాభం వచ్చేలా పెట్టుబడి పెట్టేవాళ్లని చూపే సాక్ష్యం లేకపోవడంతో ఆ వాదన నిలవలేదు. డబ్బే ఇవ్వనివాడు, ఇస్తే నువ్వేం చేసేవాడివో రుజువు చెయ్యమనడం ఎంత న్యాయమో గానీ, చక్రవడ్డీ అడగాలంటే ఆ కాలంలో ఆ సమూహం నడిపిన సంస్థల ఖాతా పుస్తకాలు, పెట్టుబడి తీర్మానాలు వెతికి దాఖలు చెయ్యాల్సిందే.

కుక్క దారి మీద నీళ్ల ట్యాంకులు

ఇప్పుడు చెక్కుచెదరని భాగం. అబోరిజినల్ నమ్మకంలో డ్రీమింగ్ అంటే సృష్టికాలపు పూర్వజులు నడిచి, నేలకు ఆకారమిచ్చి, కట్టుబాట్లు పెట్టిన దారి. కొండ, మడుగు, చెట్టు ఆ నడకలో మజిలీలు. టింబర్ క్రీక్ గుండా అలా పోయే దారుల్లో డింగో అనే అడవి కుక్కది ఒకటి. ఆ దారి మీదే నీళ్ల ట్యాంకులు కట్టారు. ఆ స్థలాన్ని కాపాడవలసిన బాధ్యత పుట్టుకతో వచ్చినవాళ్లు కాపాడలేకపోయారు. వాళ్ల కట్టుబాటులో అది తమ తప్పుగానే మిగిలిపోతుంది, తీసుకున్నది ఎవరైనా సరే.

ప్రభుత్వాల వాదన వినడానికి సబబుగానే ఉంటుంది: పోయింది 127 హెక్టార్లు, చుట్టూ వాళ్ల నేల ఇంకా ఎంతో ఉంది, 13 లక్షలు మరీ ఎక్కువ. హైకోర్టు దీనికి ఒక పోలిక చెప్పింది. ఒక పెద్ద వర్ణచిత్రానికి అక్కడక్కడా కన్నాలు పొడిచారనుకోండి. కన్నాల వైశాల్యం కొలిచి, చిత్రంలో పోయింది ఇంత శాతమేనని ఎవరూ అనరు. అందుకే ప్లాటు ప్లాటుకూ విడదీయకుండా మొత్తంగా ఒకే అంకె కట్టడం సరైనదని ఒప్పుకుంది. పద్ధతిని మూడు మెట్లుగా పెట్టింది: పరిహారం ఇవ్వవలసిన చర్యలేవో గుర్తించు, ఆ జనానికి ఆ నేలతో వాళ్ల కట్టుబాట్ల ప్రకారం ఉన్న బంధం ఏమిటో తేల్చు, ఆ చర్యలు విడివిడిగానూ కలిసికట్టుగానూ ఆ బంధాన్ని ఏం చేశాయో చూడు. ఆ తరువాత అంకెకు కొలత, ఈ కాలపు ఆస్ట్రేలియా సమాజం న్యాయమని ఒప్పుకునే మొత్తం.

మొదటి మెట్టుకు పట్టిక చాలు. రెండోదానికి మానవశాస్త్రవేత్త నివేదిక అక్కరకొస్తుంది. మూడోదాన్ని నిలబెట్టేది మాత్రం పెద్దల నోటి మాటే, అదీ ఆ స్థలంలో నిలబడి చెప్పింది. ఆస్ట్రేలియా సాక్ష్య చట్టానికి 2008లో వచ్చిన సవరణలు దీనికి దారిచ్చాయి: సంప్రదాయ కట్టుబాట్ల విషయంలో తాతల నుంచి విన్న మాటను వినికిడి సాక్ష్యమని తోసెయ్యకూడదు, ఆ సమూహపు మనిషి తమ కట్టుబాటు గురించి చెప్పే అభిప్రాయాన్నీ తీసుకోవచ్చు. కొన్ని సంగతులు ఆడవాళ్ల ముందు, కొన్ని మగవాళ్ల ముందు చెప్పకూడదు. కోర్టును ముందుగా అడిగితే ఎవరు వినాలో నియంత్రిస్తూ ఆదేశాలు ఇస్తుంది. పెద్దవయసు సాక్షుల వాంగ్మూలం విచారణకు ముందే నమోదు చేయించుకునే వీలూ ఉంది. దాన్ని వాయిదా వెయ్యకూడదు. ఈ కేసు శీర్షికలో హక్కుదారు పేరు పక్కన ‘మరణించారు’ అని రాసి ఉంటుంది. హైకోర్టు తొలిసారి డార్విన్‌కు వచ్చి 2018 సెప్టెంబర్‌లో ఈ అప్పీళ్లు విన్నది. మొదటి దరఖాస్తు నుంచి అప్పటికి 19 ఏళ్లు.

హైకోర్టు మరో చిన్న పని చేసింది. కింది కోర్టులు సొలేషియం అని పిలిచినదాన్ని సాంస్కృతిక నష్టం అని మార్చి పిలిచింది. సొలేషియం మన భూసేకరణ కేసుల్లో నలిగిన మాటే. 2013 చట్టంలో అది పరిహారం మొత్తానికి 100 శాతం, అంతకుముందు 1894 చట్టంలో 30 శాతం. అంటే ధరకు ముడిపడిన గుణకారం. కొండరెడ్ల గ్రామంలో దేవర గుట్ట మునిగినా, హైవే పక్కన బీడు పోయినా ఒకటే శాతం. కొత్త కాలనీలో గుడి కట్టివ్వడం పునరావాసంలో ఉంది, పాతది పోయినందుకు ధరలో విడి పద్దు మాత్రం లేదు. నేల చవకైన చోట సొలేషియమూ చవకే. టింబర్ క్రీక్‌లో చవక నేలకు నాలుగింతలు సాంస్కృతిక నష్టం రావడానికి కారణం ఆ రెండింటినీ విడదీయడమే.

ఎక్కడ తప్పుతారు

ఎక్కువ దరఖాస్తులు కూలేది పెద్ద న్యాయసూత్రం దగ్గర కాదు, అనుమతి దగ్గర. దావా వేసేవాళ్లకు సమూహం మొత్తం నుంచి అధికారం ఉండాలి. సంప్రదాయంలో నిర్ణయం తీసుకునే పద్ధతి ఉంటే అదే పాటించాలి, లేకపోతే సమూహం ఒప్పుకున్న పద్ధతి. సమావేశం నోటీసు ఎవరెవరికి వెళ్లింది, ఎవరు రాలేదు, తీర్మానం మాటలేమిటి అన్నవి కాగితం మీద లేకపోతే అవతలివాళ్లు మొదట అక్కడే కొడతారు.

రెండోది మరీ నొప్పి పుట్టించేది. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ సరిహద్దులోని యోర్టా యోర్టా జనం 1994లో దావా వేసి 2002 డిసెంబర్ 12న హైకోర్టులో ఓడిపోయారు. సంప్రదాయంతో బంధం మధ్యలో తెగిపోయిందన్నది కారణం. దానికి విచారణ కోర్టు వాడుకున్న సాక్ష్యాల్లో ఒకటి 1881లో వాళ్ల ముందుతరం గవర్నరుకు పెట్టుకున్న అర్జీ. స్థిరపడి సేద్యం చేసుకుని బతుకుతాం, భూమి ఇవ్వండి అని వేడుకున్నారు. నూట పదిహేడేళ్ల తరువాత, 1998 నాటి విచారణ కోర్టు తీర్పులో, అదే కాగితం పాత బతుకు వదిలేశారనడానికి రుజువైంది. వాళ్లను ఆ స్థితికి తెచ్చింది భూమి లాక్కోవడమే అన్న సంగతి చట్టపు లెక్కలోకి రాలేదు. ఈనాడు ఐటీడీఏకో కలెక్టరుకో అర్జీ రాసిపెట్టే కార్యకర్తలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ‘నిరుపేదలం, జీవనాధారం లేదు, దయతో ఇప్పించండి’ అన్న మూస మాటలు పథకానికి పనికొస్తాయేమో గానీ హక్కుకు ఎదురు తిరుగుతాయి. అటవీ హక్కుల నిబంధనల్లో 13వది పెద్దల వాంగ్మూలాన్ని, శ్మశానాలను, పవిత్ర స్థలాలను సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. అర్జీలోనే వాటి పేర్లు, అక్కడ చేసే పండుగ, చేసే వంశం రాయిస్తే సరిపోతుంది.

మూడోది, గెలిచాక వచ్చేది. పరిహారం ఉత్తర్వులో సెక్షన్ 94 ప్రకారం ఎవరికి చెందుతుంది, లేదా ఎవరికో తేల్చే పద్ధతి ఏమిటి, తగవొస్తే ఎలా తీర్చాలి అన్నవి ఉండాలి. ఈ నేలకు అయిదు కుటుంబ సమూహాలున్నాయి. డింగో దారి బాధ్యత ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ సమాన వాటానా అన్న ప్రశ్న చెక్కు వచ్చాక మొదలైతే ఊరు రెండవుతుంది. దావా వేసేనాటికే ఆ చర్చ పూర్తయి ఉండాలి.

గోవ్ ద్వీపకల్పం

1975కు ముందు పోయిన నేల సంగతేమిటన్నది టింబర్ క్రీక్ ముట్టుకోలేదు. టెరిటరీలోనే ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో ఉన్న గోవ్ ద్వీపకల్పపు గుమాట్జ్ జనం దాన్ని 2019లో ఎత్తుకున్నారు. కేంద్ర ప్రభుత్వమే టెరిటరీని నేరుగా ఏలిన 1911 నుంచి 1978 దాకా బాక్సైట్ లీజులతో సహా జరిగినవి రాజ్యాంగం చెప్పే న్యాయమైన షరతులు లేకుండా ఆస్తి తీసుకోవడమేనని వాదన. 2025 మార్చి 12న హైకోర్టు మెజారిటీతో కేంద్రం అప్పీలును కొట్టేసింది. డబ్బు ఎంతో ఆ తీర్పు తేల్చలేదు. అంకె తేలాలంటే టింబర్ క్రీక్ మూడు మెట్లూ ఎక్కాలి, ఈసారి పట్టిక 1911 నుంచి మొదలవుతుంది.

వాళ్ల చేతిలో యోర్టా యోర్టాకు లేనిది ఒకటుంది. 1963లో గని కోసం నేల కోసేసినప్పుడు ఆ ద్వీపకల్పంలోని యిర్కలా పెద్దలు పార్లమెంటుకు చెట్టుబెరడు మీద అర్జీ పంపారు. అంచుల చుట్టూ తమ వంశాల చిత్రాలు, మధ్యలో తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ మాటలు. కోసిన నేలలో తమకు పవిత్రమైన చోట్లున్నాయని, మెల్విల్ బే పేరు పెట్టి మరీ రాశారు. ఆ అర్జీ గనిని ఆపలేదు, 1971లో కోర్టూ వాళ్లను ఓడించింది. బెరడు పలకలు మాత్రం ఇవాళ్టికీ కాన్‌బెరా పార్లమెంటు భవనంలో అద్దం వెనక ఉన్నాయి.